సగటు చూసి సంబరపడొద్దు!

‘ఏడు అధ్యయనాలను కలిపి చూస్తే శిశు మరణాలు 23 శాతం తగ్గాయి’ అని మీరు పేపర్లో చదివారనుకోండి. ఆ కార్యక్రమం మన ఊళ్లో పెట్టినా అంతే మేలు జరుగుతుందనిపిస్తుంది. కానీ కాస్త ఆగి ఆలోచించాలి.

ఒకే అంశంపై జరిగిన పలు అధ్యయనాల ఫలితాలను గణాంక పద్ధతుల్లో కలిపి లెక్కగట్టటాన్ని మెటా అనాలిసిస్ అంటారు. మందుల విషయంలో దీన్ని అర్థం చేసుకోవటం కొంత తేలిక. బీపీ మాత్ర ఎక్కడ వేసుకున్నా అదే మాత్ర. గర్భిణులను, తల్లులను ఒకచోట కూర్చోబెట్టి, సమస్యలూ పరిష్కారాలూ వాళ్లతోనే చెప్పించే కార్యక్రమం అలా కాదు. నడిపించే మనిషి, వచ్చే మహిళలు, దగ్గర్లోని ఆసుపత్రి.. ఊరు మారితే అన్నీ మారిపోతాయి.

పైన చెప్పిన 23 శాతం నిజమైన లెక్కే. బంగ్లాదేశ్, భారత్, మలావీ, నేపాల్‌లలో ఇలాంటి మహిళా బృందాలపై జరిగిన 7 ట్రయల్స్‌ను, సుమారు 1.19 లక్షల ప్రసవాలను కలిపి చేసిన విశ్లేషణ 2013లో లాన్సెట్‌ పత్రికలో వచ్చింది. నెలలోపు శిశువుల మరణాల్లో కనిపించిన సగటు తగ్గుదల అది. అయితే ఫలితం అన్నిచోట్లా ఒకేలా లేదు. జార్ఖండ్, ఒడిశా పల్లెల్లో మరణాలు బాగా తగ్గాయి. ముంబయి మురికివాడల్లో తగ్గలేదు.

మరి తేడా ఎక్కడుంది? పరిశోధకులు సగటుతో ఆగకుండా ఇదీ పరిశీలించారు. గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది పాల్గొన్న 4 ట్రయల్స్‌లో తగ్గుదల 33 శాతం. ఉన్నవి ఏడే ట్రయల్స్‌ కాబట్టి హాజరు ఒక్కటే కారణమని తేల్చేయలేం. కానీ గట్టి ఆధారమే.

వైద్యసేవలు అంతగా అందని గ్రామీణ ప్రాంతాలకు ఈ పద్ధతిని 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫార్సు చేసింది. నా భయమల్లా ఒకటే. సగటు అంకె చూసి పథకం మొదలుపెట్టి, తర్వాత ఎన్ని సమావేశాలు జరిగాయో మాత్రమే లెక్కపెడితే ఫలితం దక్కదు. తర్వాత పద్ధతే పనికిరాదంటాం. నష్టపోయేది పసిబిడ్డలు.

అందుకే ఇలాంటి వార్త చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఫలితం అన్నిచోట్లా ఒకేలా వచ్చిందా? రాని చోట ఎందుకు రాలేదు? వాటిలో మన ఊరు దేన్ని పోలి ఉంది? మీ ఊళ్లో ఇలాంటి సమావేశం జరిగితే ఇంకో ప్రశ్న కూడా అడగండి. ఊళ్లోని గర్భిణుల్లో ఎంతమంది వచ్చారు?