మాత్ర మానినంత మాత్రాన

"ఏడాదిగా ఫిట్సు రాలేదు గదా, ఇంకా ఆ మాత్రలు యాలబ్బా? బుర్ర మొద్దుబారిపోతాది." పాకాల చుట్టుపక్కల ఈ మాట అనని పెద్దమనిషి అరుదు. తిరుపతికో, కాట్పాడిలో దిగి వేలూరుకో పోయి తెచ్చుకున్న మాత్రలు ఈ ఒక్క మాటతో బీరువా ఎక్కేస్తాయి. ప్రేమతో ఇచ్చిన సలహాయే, కానీ ప్రాణం మీదికి తెచ్చే సలహా.

మూర్ఛ వచ్చినప్పుడు మెదడులోని నాడీకణాలు అదుపు తప్పి, ఒక్కసారిగా విద్యుత్తును చిమ్ముతాయి. కార్బమజెపిన్, ఫెనిటాయిన్ లాంటి మందులు ఆ కణాల్లోకి సోడియం దూసుకుపోయే దారులను కట్టడి చేస్తాయి. జబ్బును కడిగేయవు, కాపలా కాస్తాయి. రెండేళ్లుగా రైలు గేటు దగ్గర ప్రమాదం జరగలేదు, ఇక గేట్‌మన్ దండగ అంటే పాకాల లాంటి రైల్వే జంక్షన్ ఊళ్లో ఎవరైనా నవ్వుతారు. మాత్ర దగ్గరికొచ్చేసరికి మాత్రం అదే తర్కానికి తలూపుతాం. ఉన్నట్టుండి మందు మానితే ఫిట్సు తిరగబడతాయి. అయిదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్సు ప్రాణాపాయం.

అయితే జన్మంతా మింగాల్సిందేనా? అందరికీ అక్కర్లేదు. కనీసం రెండేళ్లు ఫిట్సు రాకుంటే, కొందరికి డాక్టర్లు నెలల తరబడి కొద్దికొద్దిగా డోసు తగ్గిస్తూ ఆపుతారు. ఎముక విరిగి పుత్తూరు కట్టు కట్టించుకున్నవాడు నొప్పి తగ్గిందని తనంతట తనే విప్పుకోడు గదా!

సైడ్ ఎఫెక్టులు అబద్ధమని నేననను. మత్తు, మందకొడితనం కొందరికి ఉంటాయి. ఫెనిటాయిన్‌తో చిగుళ్లు ఉబ్బవచ్చు. కార్బమజెపిన్‌తో అరుదుగా ఒళ్లంతా ప్రమాదకరమైన దద్దుర్లు లేస్తాయి. గర్భిణి వాల్‌ప్రోయేట్ వాడితే కడుపులో బిడ్డకు లోపాలు రావచ్చు. ఇవన్నీ డాక్టరుతో చెప్పి డోసు తగ్గించుకోవడానికో, మందు మార్చుకోవడానికో కారణాలు. మార్చుకోవడం వేరు, మానేయడం వేరు.

ఇంగ్లీషు మందు వేడి అని నాటు పొడికి పరిగెత్తేవాళ్లకు ఒక మాట. మన దేశంలో అమ్మిన అలాంటి కొన్ని పొడులను పరీక్షిస్తే ఫెనోబార్బిటాల్ బయటపడింది. 1912 నుంచి మూర్ఛకు వాడుతున్న ఇంగ్లీషు మందే అది! డాక్టరు కొలిచి ఇస్తే విషం, కొలత లేకుండా పొట్లం కడితే అమృతమా?

నిజానికి మాత్రలు మాన్పించేది బుర్ర గురించిన భయం కాదు, పెళ్లి గురించిన భయం. సంబంధం వాళ్ల కంట పడకూడదని మాత్రలు దాచేస్తారు. పెళ్లికి అడ్డుగా హిందూ వివాహ చట్టంలో ఉన్న మూర్ఛ అనే మాటను 1999లోనే తీసేశారు. మన మనసుల్లోంచే ఇంకా తీయలేదు. పెళ్లి హడావిడిలో నిద్ర ఉండదు, తిండికి వేళ ఉండదు. నిద్ర చాలకపోవడమే ఫిట్సును పిలుస్తుంది. దానికి తోడు మాత్ర కూడా మాన్పిస్తే, ఏ పెళ్లి కోసం దాచామో ఆ పందిట్లోనే బిడ్డ పడిపోతుంది.