9.6కీ 9.8కీ మధ్య ఎంత దూరం?

ఒకే కామిక్ పుస్తకం ప్రతులు రెండు పక్కపక్కన పెట్టుకోండి. ఒకే సంచిక, ఒకే ప్రెస్సు. ఒకదాని వెన్ను మీద, పిన్ను దగ్గర, దీపం కింద పెట్టి వంచి చూస్తే తప్ప కనబడని గీత ఒకటి ఉంది. రెండోదాని మీద అలాంటివి ఇంకో రెండున్నాయి. అమెరికా కామిక్ మార్కెట్ ఈపాటి తేడాకి 9.8 అనీ 9.6 అనీ పేర్లు పెట్టి, రెంటినీ ప్లాస్టిక్ డబ్బాల్లో సీలు వేసి, మొదటిదానికి చాలాసార్లు రెట్టింపు ధర కట్టమంటుంది. జనం కడుతున్నారు కూడా.

పాత కాగితం స్థితిని అంత సన్నగా, ప్రతిసారీ ఒకేలా కొలవగల కన్ను ఎవరికీ లేదని నా వాదన. ఉన్నట్టు నటించడం వల్ల లాభపడేది కొలిచేవాళ్ళూ అమ్మేవాళ్ళూ. కామిక్ పుస్తకాలకి పది మెట్లు చాలు. నిజానికి ఎనిమిది కూడా చాలేమో గానీ, బేరానికి చోటుండాలి కాబట్టి పది అంటున్నాను.

ఈ గొడవ మనకెందుకంటారా? డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళ వీడియో కాల్స్‌లో వెనకాల షెల్ఫు గమనించండి. వెంకటేశ్వరస్వామి పటానికి రెండడుగుల దూరంలో, ఎల్ఈడీ లైటు కింద, స్పైడర్‌మాన్ డబ్బా ఒకటి ఉంటుంది. నా బ్యాచ్‌మేట్లలోనే ముగ్గురున్నారు. దాన్ని ‘స్లాబ్’ అంటారు. మనూళ్ళో స్లాబ్ అంటే ఇంటికప్పు. వాళ్ళకి తెరిచి చదవడానికి వీల్లేకుండా మూసేసిన పుస్తకం. మ్యూచువల్ ఫండ్ గురించి మాట్లాడేటప్పుడు వచ్చే గొంతే ఆ డబ్బా గురించి మాట్లాడేటప్పుడూ వస్తుంది.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ అనే ఆయన కామిక్స్ ధరల గైడ్ మొదలుపెట్టాడు. పుస్తకం స్థితికి అప్పట్లో మాటలే వాడేవారు: పూర్, ఫెయిర్, గుడ్, వెరీ గుడ్, ఫైన్, వెరీ ఫైన్, నియర్ మింట్, మింట్. (‘గుడ్’ అనగానే బాగుందనుకునేరు! ఇవాళ్టి పది పాయింట్ల లెక్కలో గుడ్ అంటే 2.0. అట్ట నలిగి, వెన్ను చిట్లి, మూలలు గుండ్రంగా అరిగిపోయిన పుస్తకం అది. వెరీ గుడ్ అంటే 4.0. ఈ భాషలో పొగడ్తలన్నీ పాస్ మార్కుల కిందే ఉంటాయి.) 1992లో అదే ఓవర్‌స్ట్రీట్ పేరుతో వచ్చిన గ్రేడింగ్ గైడ్ ఏకంగా నూరు పాయింట్ల స్కేలు పెట్టింది. అది నిలవలేదు. ఓ పాత కామిక్‌కి 87కీ 88కీ తేడా చెప్పమంటే ఎవడు చెప్తాడు? దశాబ్దం తిరక్కుండానే పది పాయింట్ల స్కేలుకి దిగొచ్చారు.

2000లో సీజీసీ వచ్చింది. ఫ్లోరిడా రాష్ట్రం సరసోటాలో ఉన్న కంపెనీ. డబ్బు కట్టి పుస్తకం పంపిస్తే చూసి, అంకె వేసి, డబ్బాలో పెట్టి తిరిగి పంపిస్తుంది. పేరుకి పది పాయింట్లే గానీ అందులో 0.5 నుంచి 10.0 దాకా 25 మెట్లున్నాయి. నూరుని ముందు గుమ్మంలోంచి పంపేసి, దాంట్లో పావుభాగాన్ని దొడ్డిదారిన తెచ్చుకున్నారన్నమాట.

ఆ మెట్ల అమరిక చూడండి. కింద 2.0, 2.5, 3.0 అని అరపాయింటు చొప్పున ఎక్కుతూ వస్తుంది. (మధ్యలో 1.8 అని ఒక వింత మెట్టు. 1.5కీ 2.0కీ మధ్యలో దానికేం పనో!) 8.0 తర్వాత 8.5, ఆ తర్వాత 9.0. అక్కణ్ణుంచి 9.2, 9.4, 9.6, 9.8, 9.9, 10.0. అంటే ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య రెండడుగులు, తొమ్మిదికీ పదికీ మధ్య ఆరు. తేడాలు కంటికి స్పష్టంగా కనబడే చోట స్కేలు మోటుగా ఉంది, తేడాలు కనబడని చోట సన్నగా ఉంది. కొలతలు తెలిసినవాడు దీన్ని తిరగేసి కట్టేవాడు. ధరలు తెలిసినవాడే ఇలా కడతాడు.

బంగారం కొట్టులో త్రాసు చుట్టూ అద్దాల పెట్టె ఎందుకుంటుంది? ఫ్యాను గాలికి అంకె ఊగిపోతుందని. మిల్లీగ్రాములు చూపించే త్రాసు పెట్టుకున్నప్పుడు గాలిని ఆపాలి, లేదా ఆ చివరి అంకెని నమ్మకూడదు. కామిక్ గ్రేడింగ్‌లో త్రాసు మనిషి కన్ను. గాలి అంటే ఆ రోజు లైటు, ఆ రోజు అలసట, అంతకుముందు చూసిన పుస్తకం ఎంత బాగుందన్నది, రంగులేచిన గీతకీ రంగులేవని మడతకీ ఎంతెంత తగ్గించాలన్న అభిప్రాయం. సీజీసీలో పుస్తకాన్ని ఒకరికంటే ఎక్కువమందే చూస్తారు, చివర్లో ఒకరు ఖరారు చేస్తారు. మంచి పద్ధతే. కానీ ఒకరు 9.4 అనీ ఇంకొకరు 9.8 అనీ అంటే, ఆ ఇద్దరి మధ్య దూరమే మనకి కావలసిన అసలు సమాచారం. లేబుల్ మీదకొచ్చేసరికి ఆ దూరం మాయమై 9.6 అని ఒక అంకె మిగుల్తుంది. ప్లస్ ఆర్ మైనస్ ఎంతో ఉండదు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం ఫిజిక్స్ ల్యాబులో ఎర్రర్ రాయకుండా రీడింగ్ రాస్తే రికార్డు మొహాన కొట్టేవాళ్ళు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఈ విషయంలో అంత తెలివైనవాళ్ళమేం కాదు గానీ, ఒక్క పని బాగా చేశాం. పని ఎంత పెద్దదో అంచనా వేసేటప్పుడు చాలా టీముల్లో 1, 2, 3, 5, 8, 13 అని మాత్రమే చెప్పనిస్తారు. ఆరున్నర అంటే కుదరదు. ఆ ఆరున్నర ఎవరికీ నిజంగా తెలియదని ముందే ఒప్పేసుకున్నాం కాబట్టి. అంచనా వేసే శక్తి ఎక్కడ ఆగిపోతుందో స్కేలు కూడా అక్కడే ఆగాలి.

ఇప్పుడు అవతలివాళ్ళ మాట. గ్రేడింగ్ కంపెనీలు రాకముందు ఆన్‌లైన్ వేలాల్లో నరకం ఉండేదంటారు. ప్రతివాడూ తన పుస్తకం నియర్ మింట్ అనేవాడు. చిరిగిన అట్టని అతికించి, ఎగిరిపోయిన రంగు మళ్ళీ అద్ది, చెప్పకుండా అమ్మేవాడు. ఒహాయోలో అమ్మేవాణ్ణి టెక్సాస్‌లో కొనేవాడు ఏం చూసి నమ్మాలి? ఇది గట్టి వాదనే, నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే ఆ కంపెనీలు తెచ్చిన మేలు ఏమిటో విడదీసి చూడాలి. అమ్మేవాడూ కొనేవాడూ కాని మూడోవాడు పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, పేజీలు లెక్కపెట్టి, రిపేరు జరిగిందో లేదో పట్టుకున్నాడు. రిపేరు చేసినదానికి ఊదారంగు లేబుల్, చెయ్యనిదానికి నీలం లేబుల్ వేశాడు. మేలంతా అదే. దానికి పాతిక మెట్లు అక్కర్లేదు. డాక్టరు అవసరమని ఒప్పుకున్నంత మాత్రాన జ్వరం 101.37 అని రాయమనక్కర్లేదు కదా.

“తేడా లేకపోతే మార్కెట్ రెట్టింపు ధర ఎందుకిస్తుంది?” అని ఇంకో వాదన. లేబుల్ ఉంది కాబట్టి ఇస్తుంది! లేబుల్ తీసేసి ఆ రెండు పుస్తకాలూ టేబుల్ మీద కలిపి పెట్టి, ఏది ఏదో చెప్పమని అదే కొనుగోలుదారుని అడగండి. ధర వల్ల తేడా నిజమవుతుంది, తేడా వల్ల ధర నిజమవుతుంది. తోకని నోట్లో పెట్టుకున్న పాము ఇది.

సన్న మెట్ల అసలు ఉపయోగం వేరే ఉంది. అవి అరుదుతనాన్ని తయారుచేస్తాయి. 1991లో వచ్చిన ఎక్స్‌మెన్ 1వ సంచిక తీసుకోండి. 80 లక్షలకి పైగా ప్రతులు అమ్ముడై గిన్నిస్ రికార్డుకెక్కింది. కొన్నవాళ్ళలో చాలామంది అప్పుడే దాచిపెట్టేశారు. ఇంతకంటే దొరికే కామిక్ లోకంలో ఉండదు. మామూలుగా ఉన్న ప్రతి చిల్లర డబ్బులకి వస్తుంది. కానీ స్కేలు పైకొసని ముక్కలు ముక్కలుగా కోసుకుంటూ పోతే, చివరి ముక్కలో కొన్నే మిగుల్తాయి. ఆ కొన్నిటికి 9.9 అనో 10.0 అనో పేరు పెడితే అంత మామూలు పుస్తకం కూడా ‘అరుదైనది’ అయిపోతుంది. ఏ గ్రేడులో ఎన్ని ప్రతులున్నాయో సీజీసీ తన జాబితాలో లెక్క ప్రచురిస్తుంది. “మా ప్రతి కంటే పై గ్రేడులో ఇంకోటి లేదు” అన్నది వేలంపాటల్లో పెద్ద మంత్రం. మెట్లు ఎన్ని ఎక్కువైతే అలాంటి శిఖరాలు అన్నెక్కువ. పది మెట్ల స్కేలులో ఈ వ్యాపారం సగం ఆరిపోతుంది.

దాని వెంట వచ్చిన ఆచారం ఇంకా అందంగా ఉంటుంది. కలెక్టర్ల యాసలో సీపీఆర్ అంటారు. ఆస్పత్రిలో గుండె మీద చేసేది కాదు. క్రాక్, ప్రెస్, రీసబ్మిట్: డబ్బా పగలగొట్టు, పుస్తకాన్ని వేడితో, ఒత్తిడితో ఇస్త్రీ చేయించు, మళ్ళీ గ్రేడింగుకి పంపు. 9.4గా వెళ్ళింది 9.6గా రావచ్చు. ఇస్త్రీని సీజీసీ రిపేరు కింద లెక్కవేయదు, కాబట్టి లేబుల్ నీలంగానే ఉంటుంది. ఎనభై ఏళ్ళ న్యూస్‌ప్రింట్‌ని వేడి పెట్టి అణచడం దానికి మంచిదో కాదో కాసేపు పక్కన పెట్టండి. 0.2 పాయింట్ల కోసం ఓ పనివాడి బల్లా, రెండు సార్లు పోస్టూ, రెండో ఫీజూ గిట్టుబాటవుతున్నాయంటే, ఆ 0.2 పుస్తకానికి సంబంధించినదా, రశీదుకి సంబంధించినదా?

ఈ అంకెల పిచ్చికి తాత నాణేల లోకంలో ఉన్నాడు. 1949లో విలియం షెల్డన్ అమెరికా పాత సెంట్ నాణేలకి 70 పాయింట్ల స్కేలు కట్టాడు. అప్పుడు దానికో అర్థం ఉండేది: 70 గ్రేడు నాణెం 1వ గ్రేడు నాణేనికి డెబ్భై రెట్లు ధర పలుకుతుందని. ధరలు త్వరలోనే ఆ లెక్క దాటిపోయాయి. అంకెలు మాత్రం అలాగే ఉండిపోయాయి. సీజీసీకి తోబుట్టువు కూడా నాణేల గ్రేడింగ్ కంపెనీయే. అయితే నాణెం లోహం, జాగ్రత్తగా పెడితే ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. పాత కామిక్ చవక గుజ్జుకాగితం. అందులోని లిగ్నిన్ వల్ల గాలి తగిలినా వెలుతురు తగిలినా పసుపెక్కుతుంది, ఆమ్లం వల్ల పెళుసెక్కుతుంది. డబ్బాలో పెట్టినంత మాత్రాన ఆగదు. లేబుల్ మీద 9.6 మాత్రం మార్పు లేకుండా ఉంటుంది.

మరి అంకె లేకుండా ఖరీదైన కాగితాన్ని అమ్మలేమా? 2020లో క్రిస్టీస్ వాళ్ళు షేక్‌స్పియర్ ఫస్ట్ ఫోలియో ప్రతి ఒకటి అమ్మారు. 1623లో అచ్చైన పుస్తకం. దాదాపు కోటి డాలర్లు పలికింది. దానికి గ్రేడేమీ లేదు. పాత పుస్తకాల వ్యాపారం ఇప్పటికీ మాటల మీదే నడుస్తోంది: ఏ ఆకు మరమ్మతైంది, ఎక్కడ మరక ఉంది, బైండింగ్ ఎప్పటిది, ఎవరి చేతుల్లోంచి వచ్చింది.

కామిక్స్ వాళ్ళకీ లోలోపల ఇది తెలుసు. 1977లో డెన్వర్‌లో బయటపడ్డ ఎడ్గర్ చర్చ్ సేకరణ ఉంది, ‘మైల్ హై’ అని పేరు. అందులోంచి వచ్చిన ప్రతి అంటే అదే గ్రేడున్న మరో ప్రతి కంటే ఎక్కువిస్తారు. 2014లో యాక్షన్ కామిక్స్ 1వ సంచిక, సూపర్‌మాన్ పుట్టిన 1938 నాటి పది సెంట్ల పుస్తకం, 9.0 గ్రేడుతో 32 లక్షల డాలర్లకి అమ్ముడైంది. ఆ అమ్మకంలో జనం చెప్పుకున్నది 9.0 గురించి కాదు. వెస్ట్ వర్జీనియా కొండల్లో ఓ దేవదారు పెట్టెలో దశాబ్దాల పాటు పడి ఉండటం వల్ల కాగితం తెల్లగా మిగిలిందని. 32 లక్షలు పెట్టేవాడికి కూడా చివరికి కావలసింది కథ, వర్ణన.

కాబట్టి నేనడిగేది పెద్ద విప్లవమేం కాదు. పది గ్రేడులు, పాయింటు లేకుండా. లేబుల్ మీద అంకె చిన్నగా, లోపాల జాబితా పెద్దగా: వెన్ను మీద మూడు గీతలు, వెనక అట్ట కింది మూల మడత, లోపలి పేజీలో పేరు రాసి ఉంది. కాగితం రంగు తెలుపా, క్రీమా, గోధుమా అన్నది ఇప్పటికే గ్రేడు పక్కన విడిగా మాటల్లో రాస్తున్నారు. దాన్నే మిగతావాటికి సాగదీయడం కష్టమేం కాదు. పరీక్షించిన తేదీ కనబడాలి. ఇస్త్రీ చేసినట్టు తెలిస్తే అదీ రాయాలి. మూడు గీతల ప్రతి కావాలో, మూల మడతున్న ప్రతి కావాలో కొనేవాడు తన కంటితో తేల్చుకుంటాడు. నాకైతే వెన్ను గీతలు ఫర్వాలేదు, అట్ట మీది రంగు వెలిసిపోతే బాధ. ఇంకొకరికి తిరగబడి ఉండొచ్చు. మా ఇద్దరికీ ఒకే 8.5 చూపించి ఏం లాభం?

ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలమ్మే ఆయన దగ్గర మూడే గ్రేడులు: బాగుంది, పర్లేదు, అట్ట లేదు. అది మరీ తక్కువ, నేనూ ఒప్పుకుంటాను. అట్ట లేదన్నప్పుడు మాత్రం నిజంగానే అట్ట ఉండదు.

ఇప్పటికే 9.8కి డబ్బు పోసినవాళ్ళు దీన్ని ఒప్పుకోరని తెలుసు. నిన్నటిదాకా 9.6 కంటే రెట్టింపన్న పుస్తకం రేపు దానితో ఒకే గూట్లో కూర్చుంటే ఎవరికి నచ్చుతుంది? ఏం ఫర్వాలేదు. పాత లేబుళ్ళని ఎవరూ చింపక్కర్లేదు, పాత వెర్షన్ కింద అవి అలాగే ఉంటాయి. కొత్తగా వచ్చే పుస్తకాలకి కొత్త స్కేలు. ఓవర్‌స్ట్రీట్ నూరు పాయింట్లు వదులుకున్నప్పుడు కూడా ఎవరి దగ్గరో 97 అని రాసిపెట్టుకున్న పుస్తకం ఉండే ఉంటుంది. అందులో సూపర్‌మాన్ ఇప్పటికీ ఎగురుతూనే ఉండుంటాడు.