పాత డెస్క్‌టాప్‌ను పారేయమనకండి

సంపాదకులకు,

పదేళ్లు దాటిన కంప్యూటర్ మీద రూపాయి పెట్టినా దండగేనని మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. ఆ మాట నేను ఒప్పుకోను. మా మహమ్మద్ నగర్‌లాంటి చోట చిన్న జిరాక్స్ దుకాణానికైనా, ఫొటో స్టూడియోకైనా కొత్త కంప్యూటర్ కొనడమంటే మాటలు కాదు.

హెచ్61 మదర్‌బోర్డులనే తీసుకోండి. వాటిలో పనిచేసే 2011 నాటి ఐ3-2100 ప్రాసెసర్‌లో ఉన్నవి రెండే కోర్లు. అదే ఎల్‌జీఏ 1155 సాకెట్‌లో 2012లో వచ్చిన ఐ5-3470 కూర్చుంటుంది. దానికి నాలుగు కోర్లు. అయితే బోర్డులోని బయాస్ సాఫ్ట్‌వేర్ పాతదైతే ఆ చిప్‌ను బోర్డు గుర్తించదు, తెర మీద ఏమీ రాదు. ప్రాసెసరే చెడిందనుకుని చాలామంది అక్కడే వదిలేస్తారు. పాత ప్రాసెసర్ ఉండగానే బయాస్ అప్‌డేట్ చేసుకోవాలి. ఆ మధ్యలో కరెంటు పోతే బోర్డే పాడవ్వొచ్చు కాబట్టి యూపీఎస్ తప్పనిసరి. చిప్ మార్చేటప్పుడు సాకెట్‌లోని సన్నటి పిన్నులు వంగకూడదు. థర్మల్ పేస్టు కొత్తది రాయాలి.

ఇంకా హార్డ్‌డిస్క్‌తోనే నడుస్తుంటే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించాలి, వేగం అక్కడే ఎక్కువ తెలుస్తుంది.

ఈ చిప్‌లను విండోస్ 11 అధికారికంగా అంగీకరించదన్నది నిజమే. విండోస్ 10కు సాధారణ మద్దతు కూడా 2025 అక్టోబరు 14తో ముగిసింది. కానీ లినక్స్ ఉంది కదా! దాన్ని తెలుగులోకి తేవడానికి స్వేచ్ఛ సంస్థ ఎంతో పని చేసింది.

రిపేరు దుకాణాల వారికి నా విన్నపం ఒక్కటే: కొత్త కంప్యూటర్ ధర చెప్పే ముందు పాతదాని మూత తీసి, బోర్డు మోడల్ చూడండి.

– ఒక పాఠకుడు, మహమ్మద్ నగర్, బాన్సువాడ