కరెంటు పోతే గొంతూ పోవాలా?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసింది. కరెంటు స్తంభాలు వేలల్లో నేలకొరిగాయి. నగరం రోజుల తరబడి చీకట్లో మగ్గింది. ఆ చీకటితో పాటే సెల్‌ఫోన్లూ మూగబోయాయి. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న, చదువుకుంటున్న బిడ్డల క్షేమం తెలియక దూరాన ఉన్న కన్నవాళ్లు తల్లడిల్లారు.

గాలికి కూలిన టవర్ల సంగతి సరే. నిలబడి ఉండి కూడా పలకని టవర్లకు ఎవరు జవాబుదారీ? కరెంటు పోతే టవర్‌ను కొన్ని గంటలు బ్యాటరీలు మోస్తాయి. ఆ తర్వాత జనరేటర్. చెట్లు పడి దారులు మూసుకుపోతే డీజిల్ చేరదు. ఇక ఆ టవర్ ఉత్త ఇనుప కొయ్య.

పాత ల్యాండ్‌లైన్‌కు ఈ తిప్పలు తక్కువ. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు రాగి తీగలోనే ఇంటికొచ్చేది. ఇంట్లో దీపం లేకున్నా ఫోను మోగేది. ఇప్పటి ఫైబర్ తీగలో వెలుగే తప్ప కరెంటు రాదు. ఇంట్లోని డబ్బాకు కరెంటు లేకపోతే ఫోనూ లేదు. అంటే బ్యాటరీ బరువు కంపెనీ నెత్తి మీద నుంచి దిగి మన నెత్తికెక్కింది. ఈ మార్పుకు మన సమ్మతి ఎవరడిగారు?

ఇది మాటాముచ్చటా ఆగిపోయే బాధ మాత్రమే కాదు. తెగిన లైను సరిచేసే లైన్‌మన్ సబ్‌స్టేషన్‌తో మాట్లాడాలి. కరెంటు రావాలంటే ఫోను కావాలి, ఫోను పలకాలంటే కరెంటు కావాలి. ఈ ముడి విప్పకపోతే అంబులెన్సూ రాదు, వెలుగూ రాదు.

ఖర్చు భరించలేమన్నది కంపెనీల పాత పాట. 2005 కత్రినా తుపాను తర్వాత, 2007లో అమెరికా ప్రభుత్వం సెల్ టవర్లకు 8 గంటల బ్యాటరీ ఉండాలన్నది. కంపెనీలు కోర్టుకెక్కాయి, ఆ నిబంధన అమలుకు రాకుండానే అటకెక్కింది. 2019 అక్టోబర్‌లో కార్చిచ్చు భయంతో కాలిఫోర్నియాలో కరెంటు ఆపేస్తే మారిన్ కౌంటీలో సగానికి పైగా సెల్ సైట్లు ఆగిపోయాయి. జనం నిలదీశారు. 2020లో ఆ రాష్ట్ర యుటిలిటీస్ కమిషన్, కార్చిచ్చు ముప్పున్న ప్రాంతాల్లో 72 గంటలు ఫోన్లు నడిచే ఏర్పాటు ఉండాలని ఆదేశించింది. అడగనిదే అమ్మయినా పెట్టదు, కంపెనీ పెడుతుందా?

మనమూ అడుగుదాం. కరెంటు పోయాక టవర్ ఎన్ని గంటలు నడవాలో లైసెన్సులోనే రాయాలి, ఆ లెక్క ప్రజల ముందు పెట్టాలి. తుపాను హెచ్చరిక రాగానే డీజిల్ టవర్ దగ్గరికి చేరాలి. కరెంటు పునరుద్ధరణలో ఆసుపత్రులు, మంచినీళ్ల పంపుల సరసన టవర్లనూ చేర్చాలి. ఏ కంపెనీ టవర్ బతికున్నా అన్ని కంపెనీల ఫోన్లూ దాన్ని అందుకునేలా చేయాలి. ఇది సాంకేతికంగా సాధ్యమే.

రీచార్జి డబ్బులు మన దగ్గర ముందే గుంజుతున్నారు. ఆపద నాడు పలకడం వాళ్లు చేసే దానం కాదు, మనకు పడ్డ బాకీ. బాకీ వసూలు చేసుకోవడం తుపాను వచ్చాక కాదు, రాకముందే.