ఓడ ఎక్కేముందు విశాఖలో ఏ హోటలు మంచిది?

సముద్ర ప్రయాణం తెలుగువారికి కొత్త కాదు. ఉత్తర కోస్తా జిల్లాల నుండి వేలాది కుటుంబాలు ఓడల మీద రంగూను తరలి వెళ్ళిన కాలం ఒకటి ఉన్నది. ఆ ఊరిని మన పెద్దలు ‘రంగం’ అని పిలుచుకొనేవారు. వారిది పొట్టకూటి ప్రయాణం. ఇప్పుడు మధ్యతరగతి గృహస్థులు విహారం కోసం, పిల్లాపాపలతో, వృద్ధులైన తల్లిదండ్రులతో ఓడ ఎక్కుతున్నారు. విశాఖపట్నం నుండి పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడలు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విహారనౌక విశాఖకు వచ్చింది. 2023 సెప్టెంబరులో విహారనౌకల కోసమే ప్రత్యేకమైన టెర్మినల్ ఈ రేవులో ప్రారంభమయింది.

ఓడ ప్రయాణం పెట్టుకొన్న బంధుమిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. “ముందురోజే విశాఖ చేరుకుంటాం. ఓడ మర్నాడు. ఈలోగా భోజనానికి మంచి హోటలు ఏదండీ?” ఆ ప్రశ్నలో ‘మంచి’ అనే మాటకు వారి మనసులో ఉన్న అర్థం నాకు తెలుసు. బీచ్ రోడ్డులో చేపల వేపుడు, జగదాంబ కూడలిలో బిరియాని, ద్వారకానగర్‌లో నేతి ఇడ్లీ. విశాఖ రుచులకు పేరుపడ్డ ఊరే, కాదనను. కాని ఓడ ఎక్కబోయేవారికి మంచి హోటలు వేరు, ఊరు చూడవచ్చినవారికి మంచి హోటలు వేరు అని నా నిశ్చితాభిప్రాయం. మర్నాడు మన కడుపుకు గుర్తుకు రాని భోజనం పెట్టిన హోటలే ఓడ ప్రయాణికుడికి మంచి హోటలు.

ఎందుకంటారా? తిన్న ఆహారంలో దోషముంటే అది అన్నివేళలా వెంటనే బయటపడదు. కొన్ని సూక్ష్మజీవులు ఆహారంలో ముందే తయారుచేసి ఉంచిన విషం అరగంట నుండి ఎనిమిది గంటలలోపు వాంతులు కలిగిస్తుంది. నోరోవైరస్ అనేది లక్షణాలు చూపడానికి 12 నుండి 48 గంటలు తీసుకొంటుంది. సాల్మొనెల్లా వంటి వాటికి ఆరు గంటలు మొదలుకొని ఆరు రోజుల వరకు పట్టవచ్చు. విశాఖ నుండి అండమాను సుమారు 1,200 కిలోమీటర్లు, ఓడలో రెండు రోజుల పైమాట. అంటే రేవులో రాత్రి తిన్న దోషం రేవులో తేలదు, తీరం కనుమరుగయిన తరువాత తేలుతుంది. ఓడలో వైద్యుడుంటాడు, మందులుంటాయి. కాని డెబ్భై ఏళ్ళ తల్లికి విరేచనాలు పట్టుకొని మూత్రం తగ్గిపోతున్నప్పుడు, నడి సముద్రంలో పెద్దాసుపత్రికి తీసుకొనిపోవడం మన చేతిలో ఉండదు గదా. పైగా ఎక్కేముందు ఆరోగ్య ప్రశ్నపత్రం నింపించి, వాంతులు విరేచనాలు ఉన్నవారిని ఆపివేసే విహారనౌకలు కూడా ఉన్నాయి. అప్పుడు ఇంటిల్లిపాది ప్రయాణమూ గోవిందా!

చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారం విషయమై పరిశీలించవలసిన అంశాలు ఎనిమిది చెప్పబడ్డాయి. ప్రకృతి, కరణం, సంయోగం, రాశి, దేశం, కాలం, ఉపయోగసంస్థ, ఉపయోక్త. అంటే పదార్థ స్వభావం, వండిన విధానం, దేనితో కలిపారు, ఎంత, ఎక్కడ, ఎప్పుడు, ఏ నియమంతో, తినేవాడెవరు అని. ఈ ఎనిమిదింటిలో హోటలు బోర్డుకు చోటు లేదు. ఫోనులో కనిపించే నక్షత్రాలకు అంతకన్నా లేదు. ఆ నక్షత్రాలు వేసేవారు భోజనం బల్ల ముందు కూర్చొని, రుచి నాలుక మీద ఉండగా వేస్తారు. మర్నాడు ఓడలో బకెట్టు పట్టుకొని కూర్చొన్నవాడు సాధారణంగా తన అభిప్రాయం వ్రాయడు.

ముందుగా టిఫిను సంగతి. ప్రయాణపు రోజు ఉదయం ఇడ్లీకి మించినది లేదు. పులిసిన పిండి ఆవిరి మీద ఉడికి, వేడిగా పళ్ళెంలోకి వస్తుంది. ఇడ్లీని అనుమానించనవసరం లేదు. అనుమానించవలసినది దాని పక్కనున్న కొబ్బరి పచ్చడిని. పచ్చి కొబ్బరి, పచ్చి నీళ్ళు, రుబ్బిన తరువాత పొయ్యి ముఖం చూడని పదార్థం, విశాఖ ఉక్కపోతలో గంటల తరబడి బకెట్టులో నిలిచి ఉంటుంది. జనం ఎక్కువైన కొద్దీ అందులో నీళ్ళు పడుతుంటాయి. అదే సాంబారు పొయ్యి మీద మరుగుతూ ఉంటే భయం లేదు. కారప్పొడి, నెయ్యి వేయించుకొంటే ఇంకా నిశ్చింత. దిబ్బరొట్టె, ఉప్మా పెసరట్టు రుచికరమైనవే, అయితే నూనె ఎక్కువ. నూనె పదార్థం కడుపులో ఎక్కువ సేపు నిలుస్తుంది. ఓడ ఊగేటప్పుడు నిండు కడుపు మంచి తోడు కాదు.

ఇక చేపలు. విశాఖ వచ్చి చేప తినకుండా ఎలా అనేవారితో నేను వాదించను. వంజరం, చందువ, రొయ్య, ఈ ఊరి వంటవారికి వాటి సంగతి బాగా తెలుసు. కాని చాలామంది పై ఊళ్ళవారికి తెలియని విషయం ఒకటున్నది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలతో సముద్రపు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి వృద్ధి చెందే కాలమని ప్రభుత్వం పెట్టిన నియమం అది. సెలవులకు జనం విశాఖకు వచ్చేది సరిగ్గా అదే కాలం! ఆ రోజుల్లో హోటలులో దొరికే చేప చిన్న తెప్పల మీద వచ్చినదైనా కావాలి, చెరువులో పెంచినదైనా కావాలి, మంచులో నిలవ ఉంచినదైనా కావాలి. సరిగ్గా గడ్డకట్టించి ఉంచిన చేపలో తప్పు లేదు. మధ్యలో కరిగి మళ్ళీ గట్టిపడిన చేపతోనే చిక్కు. ట్యూనా, కానాగర్త వంటి జాతులు చల్లదనం తప్పితే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకొంటుంది. దానిని ఎంత మరిగించినా, ఎంత వేయించినా పోదు. తిన్న కొద్ది నిమిషాలకో గంటకో ముఖం ఎర్రబడటం, తలనొప్పి, దద్దుర్లు, వాంతి వస్తాయి. చేపల పులుసు మర్నాడే రుచి అంటారు మన ఇళ్ళల్లో. అది మన కుండ, మన పొయ్యి అయినప్పటి మాట. హోటలు పులుసు విషయంలో ఆ సామెత జోలికి పోరాదు.

కనుక నా సలహా ఏమంటే, చేపలు తినదలచుకొన్నవారు ఓడ దిగి వచ్చిన తరువాత, ఇంటికి వెళ్ళే రైలు మరుసటి రోజుకు పెట్టుకొని, తీరికగా తినండి. చేప తిన్న వెంటనే ఐస్‌క్రీమ్ వద్దు అనే మాటకు చరకుడు చేపను, పాలను విరుద్ధాహారంగా చెప్పడమే ఆధారం. దానివల్ల హాని ఉన్నదని ఆధునిక వైద్యం నిరూపించలేదు. అయినా ఓడ ఎక్కే రోజున ఆ శాస్త్రచర్చ మన కడుపులో జరగనక్కరలేదు.

బిరియానికి కూడా వేళ ఉన్నది. మధ్యాహ్నం దమ్ము విప్పిన మొదటి గంటలో, పొగలు కక్కుతూ వచ్చినది వేరు. సాయంకాలం అడుగు గీకి, మూకుడులో తిప్పి ఇచ్చినది వేరు. వండిన అన్నం గోరువెచ్చగా గంటల కొద్దీ ఉంటే అందులో పెరిగే ఒక జాతి సూక్ష్మజీవి విడుదల చేసే విషం, మళ్ళీ వేడి చేసినంత మాత్రాన నశించదు. రాత్రిపూట వీధి బండ్ల దగ్గర ఫ్రైడ్ రైస్ తినేవారికి ఈ సంగతి చెప్పి వారి మనసు కష్టపెట్టడం నాకు అలవాటే.

అయితే పెద్ద హోటళ్ళన్నీ సురక్షితమని, చిన్నవన్నీ కావని అనుకొనరాదు. పేరు చెప్పను గాని, చల్లని గదిలో ముప్ఫయి రకాల వంటకాలు వరుసగా పేర్చిన ఒక విందులో నేను కూర మూత తీసి చూస్తే ఆవిరి లేదు, కింది పళ్ళెంలో నీళ్ళు చల్లబడి ఉన్నాయి. వేడి పదార్థం 60 డిగ్రీలకు పైన ఉండాలి, చల్లని పదార్థం 5 డిగ్రీలకు లోపు ఉండాలి. ఈ రెండింటికి మధ్య గంటల తరబడి ఉన్నదేదైనా అనుమానించదగినదే. రెండు కూరలు, ఒక పప్పు, ఒక చారు మాత్రమే చేసి, మధ్యాహ్నం రెండింటికల్లా గిన్నెలు ఖాళీ చేసుకొనే చిన్న భోజన హోటలు నా దృష్టిలో ఇంతకంటే మేలు. పూర్ణా మార్కెట్టు చుట్టుపక్కల గాని, ఆర్టీసీ కాంప్లెక్సు పరిసరాలలో గాని వెదికితే అటువంటివి కనిపిస్తాయి.

ఎలా గుర్తించాలి? లైసెన్సు సంఖ్య పద్నాలుగు అంకెలది గోడ మీద ఉండాలి. ఉన్నదో లేదో చూడండి. కాని అది ఈరోజు పచ్చడికి హామీ కాదు. నేను చేసేది ఒకటే. వెళ్ళి కూర్చొని, “కాచిన వేడినీళ్ళు ఇస్తారా?” అని అడుగుతాను. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి వంటగది స్వభావం తెలిసిపోతుంది. చిరాకుపడితే లేచి వచ్చేస్తాను. తరువాత చేతులు కడుక్కొనే చోటు చూస్తాను. అక్కడ సబ్బు లేకపోతే లోపల వంటవాడికి మాత్రం ఎక్కడిది? చుట్టుపక్కల ఆఫీసులవారు రోజూ వచ్చి తినే హోటలు నమ్మదగినది, రోజూ వచ్చేవాడికి కడుపు చెడితే ఆ హోటలు నడవదు. యాత్రికుల మీదనే ఆధారపడిన హోటలుకు ఆ భయం లేదు, మనం మళ్ళీ రామని దానికి తెలుసు.

ఇక్కడ మన పత్రిక పాఠకులలోనే కొందరితో నాకు భేదాభిప్రాయం ఉన్నది. బయటి తిండే కూడదు, ఇంటినుంచి పొట్లాలు కట్టుకొనిపొండి అంటారు వారు. పులిహోర సంగతి సరే. చింతపండు పులుపు, నూనె ఉన్నందున ఒక పూట నిలుస్తుంది. కాని హైదరాబాదులో రాత్రి కలిపిన పెరుగన్నం రైలులో ఉక్కిరిబిక్కిరై, మర్నాడు మధ్యాహ్నం రేవు వరుసలో నిలబడి తింటే, అది ఇంట్లో చేసినదన్న కారణంగా అమృతం కాదు. వేడివేడిగా వడ్డించే సామాన్యమైన హోటలు భోజనం దానికంటే పథ్యం. ఎనిమిది అంశాలలో ‘కాలం’ ఉన్నది, ‘ఇల్లు’ లేదు.

పరిమాణం గురించి అష్టాంగహృదయం చెప్పిన లెక్క ఈనాటికీ సరిపోతుంది. కడుపులో సగం ఘనాహారానికి, పావు ద్రవానికి, మిగిలిన పావు ఖాళీగా వాయువుకు. ఓడ కదిలే వేళకు రెండు మూడు గంటల ముందు భోజనం ముగించండి. కొందరు వాంతి భయంతో పూర్తిగా పస్తుంటారు. అది కూడా తప్పే, ఖాళీ కడుపుకు వికారం త్వరగా వస్తుంది. మధుమేహానికి మందులు వాడేవారు పస్తుండనే కూడదు. పప్పు పలుచగా, చారు, ఒక కాయకూర, మజ్జిగ. మజ్జిగ కూడా అప్పుడు చిలికినదైతేనే. మంచుముక్కలు వేసిన చెరకురసం, కోసి ఉంచిన పండ్లు ఆ రోజుకు మానుకొంటే మంచిది.

సంచిలో శొంఠి పొడి ఉంచుకోండి. అల్లం ముక్క సైంధవ లవణంతో నమలడం మనకు తరతరాలుగా తెలిసినదే. 1988లో ప్రచురితమైన ఒక పరీక్షలో డెన్మార్కు నౌకాదళ శిక్షణార్థులు ఎనభై మందికి ఓడలో ఈ ప్రయోగం చేశారు. ఒక గ్రాము శొంఠి తీసుకొన్నవారికి వాంతులు, చెమటలు తగ్గాయి, వికారం మీద మాత్రం అంత స్పష్టమైన గుణం కనిపించలేదు. అన్ని పరీక్షలూ దీనిని సమర్థించలేదు కూడా. కనుక శొంఠి ఉంది గదా అని మాత్రలను తీసిపారవేయకండి. ఓడ తిప్పుకు వైద్యుడు వ్రాసిచ్చే మాత్ర మత్తు కలిగించవచ్చు, కాని అది వేసుకోవడంలో నామోషీ లేదు. రక్తం పలుచబడే మందులు వాడేవారు శొంఠిని మోతాదు మించి తీసుకోరాదు. వాంతి వేగాన్ని బలవంతంగా ఆపుకోరాదని చరకుడు పదమూడు అధారణీయ వేగాలలో చెప్పాడు. తరువాత ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా, వరి పేలాల జావ, విశ్రాంతి. ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, రక్తం కనిపించినా, వృద్ధులు మాట తడబడినా ఓడలోని వైద్యుణ్ణి పిలవడానికి మొహమాటపడకండి.

మాడుగుల హల్వా కొనమని ఎవరైనా చెబితే కొనండి. గోధుమపాలు, నెయ్యి, జీడిపప్పు, బరువైన పదార్థమే. గోధుమ, జీడిపప్పు పడనివారు మాత్రం మానుకోవాలి. పొట్లం మాత్రం ఓడ దిగిన తరువాత విప్పండి.