పరుగు వేగము – దమ్మునకు కొలత

పాఠశాల వార్షికోత్సవమున నూరు మీటర్ల పందెము జరుగును. ముగ్గురికి బహుమతులు వచ్చును. మిగిలినవారు చప్పట్లు కొట్టి ఇండ్లకు పోవుదురు. “మావాడికి పరుగు రాదు” అని తల్లిదండ్రులు ఆనాటితో తీర్మానించుకొందురు. ఈ తీర్మానము తొందరపాటని నా అభిప్రాయము. నూరు మీటర్లలో తెలియునది కాళ్ళ చురుకుదనమే గాని, గుండె, ఊపిరితిత్తుల బలము కాదు. ఈ బలమునే మన పల్లెలలో ‘దమ్ము’ అందురు. దానిని వేరుగా కొలువవలెను. కొలిచినదానిని సరిగా అర్థము చేసికొనవలెను.

పరుగెత్తునపుడు కండరములకు ప్రాణవాయువు కావలెను. ఊపిరితిత్తులు దానిని గాలినుండి గ్రహించును. గుండె నెత్తురుతో పాటు కండరములకు పంపును. ఊరక కూర్చున్న మనుష్యునికి, శరీరపు బరువులో ప్రతి కిలోగ్రామునకు, నిమిషమునకు సుమారు 3.5 మిల్లీలీటర్ల ప్రాణవాయువు చాలును. చదునైన నేలపై పరుగెత్తునపుడు నిమిషమునకు ఒక్కొక్క మీటరు వేగము హెచ్చిన కొలది సుమారు 0.2 మిల్లీలీటర్లు అదనముగా కావలెను. వేగమునుబట్టి దమ్మును అంచనా కట్టుటకు ఇదియే ఆధారము. అయితే ఈ పెరుగుదలకు ఒక హద్దు కలదు. ఆ హద్దు చేరిన పిమ్మట ఎంత ప్రయాసపడినను శరీరము అంతకు మించి ప్రాణవాయువును వినియోగింపలేదు. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఏ. వి. హిల్ 1920 దశకమున పరుగెత్తువారిని పరీక్షించి ఈ సంగతిని వివరించెను. ఎవరి హద్దు ఎంత పైన ఉన్న వారికి అంత దమ్ము కలదన్నమాట.

ఈ హద్దును సూటిగా కొలుచుటకు ప్రయోగశాల కావలెను. ముఖమునకు తొడుగు, ఖరీదైన యంత్రములు కావలెను. అవి మన పాఠశాలలకు అందునవి కావు. అమెరికా వైమానిక దళమున వైద్యుడైన కెన్నెత్ కూపర్ 1968లో ఒక సులభమార్గమును ప్రకటించెను. 12 నిమిషములలో ఎంత దూరము పోగలరో చూచి, మీటర్లలో ఆ దూరమునుండి 504.9 తీసివేసి, శేషమును 44.73 చేత భాగింపవలెను. 2,000 మీటర్లు, అనగా గంటకు 10 కిలోమీటర్ల వేగమున, పరుగెత్తినవానికి సుమారు 33.4 వచ్చును. వాని శరీరము ప్రతి కిలోగ్రామునకు నిమిషమునకు అన్ని మిల్లీలీటర్ల ప్రాణవాయువును వినియోగింపగలదని అంచనా. మన ఎనిమిదవ తరగతి విద్యార్థికి ఇది కష్టమైన లెక్క కాదు.

లెక్క సులభమైనను దానిని గుడ్డిగా నమ్మరాదు. కూపర్ పరీక్షించినది వైమానిక దళమునకు చెందిన 115 మంది పురుషులను. వారినిబట్టి పుట్టిన సూత్రమును పన్నెండేండ్ల బాలికకు యథాతథముగా అన్వయించుట న్యాయము కాదు. అదియునుగాక, ఒకే వేగమున పోవు ఇద్దరు ఒకే పరిమాణమున ప్రాణవాయువును వాడరు. అడుగు వేయు తీరునుబట్టి తేడా వచ్చును. ఎండ, ఖాళీ కడుపు, ఎగుడుదిగుడు నేల దూరమును తగ్గించును. మొదటి రెండు నిమిషములలో బలమంతయు ఖర్చు చేసికొని పిదప కూలబడు పిల్లలు పెక్కుమంది. ‘నిదానమే ప్రధానము’ అను మన సామెత ఇచ్చట అక్షరాల సత్యము.

కావున నా సూచన ఇది. ఏటికి రెండుసార్లు, ఉదయపు చల్లదనమున, బాలబాలికలందరిచేత ఈ 12 నిమిషముల పరుగు చేయింపవలెను. అలసినవారు నడువవచ్చును. ఉబ్బసము, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని అడిగిన పిమ్మటనే పాల్గొనవలెను. ప్రతివారు తమ దూరమును తమ నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. ఆ అంకె ప్రోగ్రెసు కార్డునకు ఎక్కరాదు. దానికి ర్యాంకు ఉండరాదు. పోలిక తోటివారితో కాదు, తన పాత దూరముతోనే. ఎదుగు వయస్సున కాళ్ళు పొడవగుటచేతనే దూరము కొంత పెరుగును. అయినను క్రమముగా సాధన చేసినవారికి మార్పు కనబడకపోదు. 1,400 మీటర్లనుండి 1,600కు చేరిన బాలిక, ఏ బహుమతియు రాకున్నను, నిజముగా గెలిచినదే.

“ఎదిగిన పిల్లకు పరుగేమిటి? చదువు చెడును” అను తల్లిదండ్రులు కలరు. పొరుగు రాష్ట్రమున నేను శిక్షణ పొందిన కాలమునను ఈ మాట వింటిని, ఇచ్చటను వినుచున్నాను. 5 నుండి 17 ఏండ్ల పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషముల చక్కని శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అందు బాలురకు ఒక నియమము, బాలికలకు ఒక నియమము లేదు. గుండె ఇద్దరికిని ఒకటే.

ఇంకొక మాట. మన బిడ్డలు ఇంట తెలుగు, వీథిలో రాష్ట్రభాష, మైదానమున ఇంగ్లీషు ఆజ్ఞలు విందురు. తమ శరీరమును గూర్చిన విజ్ఞానమైనను తమ మాటలలో తెలిసికొనుట వారి హక్కు. ‘దమ్ము’ అను మాట తెలిసిన బిడ్డకు ఈ శాస్త్రము సగము తెలిసినట్లే. మిగిలిన సగమును చెప్పవలసినది వ్యాయామోపాధ్యాయులు మాత్రమే కాదు. లెక్కల మాస్టారును, తెలుగు మాస్టారును కూడ.