ఎక్స్‌రే: భయమూ వద్దు, భక్తీ వద్దు

ఎక్స్‌రే గురించి మనవాళ్లలో రెండు నమ్మకాలున్నాయి. ఒకటి, అది ఒంటికి వేడి చేస్తుందని, తీయించుకున్నాక కొబ్బరినీళ్లు తాగాలని. రెండు, ఎక్స్‌రే రాయని డాక్టరు డాక్టరే కాదని. రెండూ తెలియనితనం నుంచి పుట్టినవే.

అసలు జరిగేదేమిటి? గాలి తీసేసిన గొట్టంలో ఎలక్ట్రాన్లను పదుల వేల వోల్టులతో టంగ్‌స్టన్ లోహం మీదికి కొడతారు. ఆ శక్తిలో సుమారు 99 శాతం వేడిగా మారి గొట్టంలోనే పోతుంది. ఎక్స్ కిరణాలయ్యేది 1 శాతం మాత్రమే. అంటే వేడెక్కేది యంత్రం, మనిషి కాదు!

ఆ కిరణాలు ఒంట్లోంచి దూసుకుపోతాయి. కండలో ఎక్కువగా ఉండేవి హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్ వంటి తేలిక పరమాణువులు. ఎముకలో కాల్షియం ఉంది. ఆక్సిజన్ పరమాణు సంఖ్య 8, కాల్షియంది 20. అందుకే ఎముక ఎక్కువ కిరణాలను ఆపి ఫిల్ముమీద తెల్లగా కనిపిస్తుంది. గాలి నిండిన ఊపిరితిత్తులు నల్లగా పడతాయి. రాంట్‌జెన్ 1895లో తన భార్య చేతిని తీసింది ఇలాగే. ఇది నీడ, దివ్యదృష్టి కాదు. స్విచ్ ఆపగానే కిరణాలు ఆగిపోతాయి, ఒంట్లో నిలవుండవు.

అలాగని హాని లేదా? ఉంది. ఒంట్లో ఆగిన కిరణాలు కణాల్లోని డీఎన్ఏను దెబ్బతీయగలవు. ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ ఏళ్ల తరబడి తన చేతులమీదే ప్రయోగాలు చేసి 1904లో కేన్సర్‌తో చనిపోయాడు. ఆ దెబ్బను కొబ్బరినీళ్లు కడగలేవు. అయితే మోతాదు ముఖ్యం. ప్రకృతి నుంచే మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టుల రేడియేషన్ అందుతుంది. ఛాతీ ఎక్స్‌రేకు 0.1 లేదా అంతకంటే తక్కువ. ఛాతీ సీటీ స్కాన్‌కు దానికి పదుల రెట్లు.

నేను రక్షణ శాఖ పద్దుల్లో పనిచేసినవాణ్ణి. బిల్లు చిన్నదైనా, పెద్దదైనా ముందు అడిగేది ఒకటే: అవసరమేమిటి? ఇక్కడా అదే అడగాలి. "ఈ ఫిల్ము చూస్తే వైద్యంలో ఏం మారుతుంది డాక్టరుగారూ?" విరిగిన ఎముకకూ, క్షయ అనుమానానికీ జవాబు వెంటనే దొరుకుతుంది. వద్దని మొండికేయడం అక్కడ మూర్ఖత్వం. ఆస్పత్రి మారినప్పుడల్లా అదే ఫిల్ము మళ్లీ తీయమంటే మాత్రం పాతది చూపించండి. గర్భం ఉంటే, ఉందేమోనన్న అనుమానమున్నా, ముందే చెప్పండి. ఆ కేంద్రానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉందా అని కూడా అడగండి.

అడిగితే డాక్టరుగారికి కోపం వస్తుందేమోనని జంకుతాం. ఒళ్లు మనది. అందులో పడే ప్రతి పద్దుకీ కారణం తెలుసుకునే హక్కు మనకుంది.